సైకిల్ గొట్టంలో దాగిన ప్రాణాలు



ఆదివారం తెల్లవారుజామున మొదటి పూజకు బయలుదేరే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కుటుంబాలవారు దారిలో ఒక దృశ్యం చూసే ఉంటారు. తలకు హెల్మెట్లు పెట్టుకున్న యువతీయువకులు గుంపులుగా సైకిళ్లమీద ఆయాసపడుతూ ఎత్తులెక్కుతుంటారు. షేక్‌పేట మీదుగా కొందరు గోల్కొండ కోటకు, కొందరు కుతుబ్‌షాహీ సమాధులకు సాగిపోతారు. వ్యాయామానికి వ్యాయామం, పాత కట్టడాలు చూశామన్న తృప్తికి తృప్తి. మంచి అలవాటే.

ఇటలీ దేశంలో కూడా సైకిల్ ప్రియులు ఇష్టపడే అటువంటి దారి ఒకటి ఉంది. అది ఫ్లోరెన్స్ నగరంలో మొదలై, ఆర్నో నదీలోయ మీదుగా అరెజ్జో పట్టణానికీ, అక్కడినుండి తెరొంతోల అనే రైల్వే స్టేషనుకూ చేరుతుంది. ఆ తరువాత త్రాసిమేనో సరస్సు వస్తుంది. క్రీస్తుపూర్వం 217లో హన్నిబాల్ అనే సేనాని రోమను సైన్యాన్ని ఓడించింది ఆ ఒడ్డునే. అదీ దాటి పెరూజా మీదుగా వెళితే, సుబాసియో కొండవాలున లేతగులాబి రంగు రాళ్లతో కట్టిన చిన్న పట్టణం కనిపిస్తుంది. అదే పునీత ఫ్రాన్సిస్ వారి జన్మస్థలమైన అస్సీసి. ఫ్లోరెన్స్ నుండి అక్కడికి సుమారు 180 కిలోమీటర్లు. ఇంచుమించు మనం హైదరాబాదు నుండి ఖమ్మం వెళ్లినంత దూరం.

అస్సీసిలో యాత్రికులు చూడవలసినవి ఎన్నో ఉన్నాయి. కొండ కింది బసిలికలో ఫ్రాన్సిస్ వారు స్వయంగా బాగుచేసిన పోర్సియుంకులా అనే చిన్న గుడి ఉంది. ఊరి నడిబొడ్డున రోమనుల నాటి మినర్వా దేవత మందిరపు స్తంభాలు ఇప్పుడు ఒక మరియమాత దేవాలయానికి ముఖద్వారంగా నిలిచాయి. 1253లో అభిషేకించిన పునీత ఫ్రాన్సిస్ బసిలిక ఊరికి ఒక కొసన ఉంది. ప్రాకారం వెలుపల ఒలీవు చెట్ల మధ్య పునీత క్లారమ్మ జీవించిన పునీత దమియాను మఠం ఉంది. అయితే ఈ దారిన ఒకప్పుడు ఒక మనిషి యాత్ర కోసం కాదు, తోటివారి ప్రాణాలు కాపాడటం కోసం సైకిల్ తొక్కాడు. ఈ వారం మనం తెలుసుకోబోయేది ఆయన జీవితమే. ఆయన పేరు జీనో బర్తాలీ.

పేదింటి బిడ్డ

బర్తాలీ 1914 జూలై 18న ఫ్లోరెన్స్ పక్కనే ఉన్న పొంతె ఆ ఏమా అనే ఊరిలో జన్మించారు. తండ్రి కూలిపని చేసేవారు. బర్తాలీ చిన్నతనంలోనే ఒక సైకిల్ షాపులో పనికి కుదిరారు. పంక్చర్లు వేస్తూ, చక్రాలు సరిచేస్తూ పందాల రుచి మరిగారు. ఇటలీ దేశాన్ని చుట్టివచ్చే జీరో పందాన్ని 1936లో, 1937లో గెలిచారు.

కాని ఆ తొలి విజయానందం కొద్దిరోజులే నిలిచింది. 1936 జూన్‌లో ఆయన తమ్ముడు జూలియో, తానుకూడా పందెగాడే, ఒక పందెంలో ప్రమాదానికి గురై మరణించాడు. బర్తాలీ ఇక సైకిల్ ముట్టనని కూర్చున్నారు. విశ్వాసమే ఆయనను తిరిగి నిలబెట్టింది. యువకుడిగా ఉండగానే కర్మెల మూడవ సభలో చేరారు. చిన్న తెరేజమ్మ అంటే ఆయనకు అమితమైన భక్తి. పందాల రోజుల్లో సైతం దివ్యపూజ మానేవారు కారు. పత్రికలవారు ఆయనకు భక్తిపరుడైన జీనో అని పేరు పెట్టారు. అందులో మెచ్చుకోలు ఎంతో, ఎగతాళి కూడా అంతే.

1938లో ఫ్రాన్స్ దేశపు మహాపందెం తూర్ ద ఫ్రాన్స్ గెలిచి ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. అప్పుడు ఇటలీని ఏలుతున్న నియంత ముస్సోలినీ ఆ గెలుపు తన పాలన ఘనతగా చాటుకోవాలని ఆశించాడు. బర్తాలీ ఆ నియంతకు కృతజ్ఞతలు చెప్పలేదు. అదే ఏడాది ముస్సోలినీ ప్రభుత్వం యూదులపై జాతి చట్టాలు తెచ్చింది. యూదుల పిల్లలను బడులనుండి, పెద్దలను ఉద్యోగాలనుండి వెళ్లగొట్టింది.

కార్డినల్ గారి పిలుపు

1940లో బర్తాలీ, ఆద్రియానా బాని గార్ల వివాహం జరిగింది. దానిని ఆశీర్వదించినవారు ఫ్లోరెన్స్ అగ్రపీఠాధిపతి కార్డినల్ ఎలియా దల్ల కోస్త. 1943 సెప్టెంబరులో జర్మన్ సైన్యం ఇటలీని ఆక్రమించి యూదులను పట్టి మరణశిబిరాలకు పంపసాగింది. అప్పుడు కార్డినల్ గారు యూదు పెద్దలతో కలిసి వారిని మఠాలలో, కాన్వెంట్లలో దాచే ఏర్పాటు చేశారు. దాగినవారు బయటపడి తిరగాలంటే మారుపేర్లతో గుర్తింపు కార్డులు కావాలి. అవి అస్సీసిలో తయారయ్యేవి.

అస్సీసి పీఠాధిపతి జుసెప్పె నికొలీని గారు, ఫాదర్ ఆల్దో బ్రునాచి, పునీత దమియాను మఠాధిపతి ఫాదర్ రుఫీనో నికాచి ఆ పని నడిపించారు. లుయీజి బ్రీజి అనే ప్రెస్సు యజమాని, ఆయన కొడుకు త్రెంతో తమ చిన్న ముద్రణాలయంలో కార్డులు అచ్చువేశారు. మిత్రసేనలు అప్పటికే విడిపించిన దక్షిణ ఇటలీ ఊళ్లను స్వస్థలాలుగా చూపేవారు. అక్కడి రికార్డులు జర్మన్లకు అందవు గనుక మోసం పట్టుబడేది కాదు. పునీత క్వీరికో మఠంలోని క్లారమ్మ సభ కన్యాస్త్రీలు బయటివారు అడుగుపెట్టని తమ మఠం తలుపులు యూదు కుటుంబాలకు తెరిచారు. అస్సీసిలో సుమారు 300 మంది ఈ విధంగా తలదాచుకున్నారు.

ఈ రెండు పట్టణాల మధ్య కాగితాలు ఎవరు మోయాలి? బర్తాలీ తన సీటు తీసి, దాని కింది గొట్టంలో, ఫ్రేములో ఫోటోలనూ కాగితాలనూ చుట్టిపెట్టి, తిరిగి సీటు బిగించి బయలుదేరేవారు. సాధన చేస్తున్న పందెగాడిని ఎవరు శంకిస్తారు? సైనికులు ఆపినా ముందు గుర్తుపట్టి పలకరించేవారు. సైకిల్ మీద చెయ్యి వెయ్యబోతే, ప్రతి భాగమూ వేగానికి తగినట్లు అమర్చుకున్నదనీ, కదపవద్దనీ నచ్చజెప్పేవారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆయన ఇంట్లో అప్పటికి భార్య, రెండేళ్ల కొడుకు ఉన్నారు. పట్టుబడితే కాల్చివేతే. ప్రమాదం తన ఒక్కడితోనే ఆగాలని భార్యకు కూడా తాను మోస్తున్నది ఏమిటో చెప్పలేదు. అంతటితో ఆగక, గోల్డెన్‌బర్గ్ అనే యూదు కుటుంబాన్ని ఫ్లోరెన్స్‌లో ఒక నేలమాళిగలో దాచారు. 1944లో ఆయనను ఫ్లోరెన్స్‌లోని విల్లా త్రిస్తెకు తీసుకుపోయి ప్రశ్నించారు. చిత్రహింసలకు పేరుపడిన ఇల్లు అది. ఆయన నోరు విప్పలేదు. దేవుని దయవలన ప్రాణాలతో బయటపడ్డారు.

గెలుపు, మౌనం

యుద్ధం ముగిసేసరికి వయసు ముప్పై దాటింది. ఇక ఆయన పని అయిపోయిందని లోకం అనుకుంది. అయినా 1946లో మూడవసారి జీరో గెలిచారు. 1948 జూలై 14న కమ్యూనిస్టు నాయకుడు తొల్యాత్తిపై కాల్పులు జరిగి ఇటలీ అట్టుడికిపోయింది. అప్పుడు బర్తాలీ ఫ్రాన్స్ పందెంలో అందరికంటే ముందున్న వ్యక్తికి 20 నిమిషాలకు పైగా వెనుకబడి ఉన్నారు. మర్నాడే పర్వత మార్గంలో విజృంభించి, చివరకు 34వ ఏట పందెం గెలిచారు. మొదటి గెలుపుకూ రెండవ గెలుపుకూ మధ్య పదేళ్లు. వీధుల్లో తన్నుకోబోతున్న జనాన్ని ఆ వార్త చల్లబరచిందని ఇటలీలో నేటికీ చెప్పుకుంటారు.

ఈ గెలుపులన్నీ లోకానికి తెలుసు. అస్సీసి దారి ప్రయాణాలను మాత్రం ఆయన దాదాపు అరవయ్యేళ్లు గుండెలోనే దాచుకున్నారు. పెద్దకొడుకు ఆంద్రేయాకు కొద్దికొద్దిగా చెప్పి, బయటపెట్టవద్దని కట్టడి చేశారు. పుణ్యకార్యాన్ని పతకంలా చొక్కాకు తగిలించుకోవడం ఆయనకు నచ్చదు. 2000 మే 5న ఫ్లోరెన్స్‌లో తుదిశ్వాస విడిచారు. కర్మెల సభ అంగీతోనే ఆయనను సమాధి చేశారు.

ఆ తరువాత మరిన్ని సాక్ష్యాలు వెలుగులోకి వచ్చాయి. నేలమాళిగలో దాగిన బాలుడు జోర్జో గోల్డెన్‌బర్గ్ వృద్ధాప్యంలో నోరు విప్పి సాక్ష్యమిచ్చాడు. 2013లో యూదుల స్మారక సంస్థ యాద్ వషేమ్ ఆయనను నీతిమంతుడిగా గుర్తించింది. కాగితాల మోతకు లిఖిత ఆధారాలు చాలవని వాదించే చరిత్రకారులూ లేకపోలేదు. రహస్యంగా చేసిన సేవకు రసీదులు ఉండవు కదా! కాపాడబడినవారే దానికి సాక్షులు.

కొమో సరస్సు దగ్గర మగ్రేల్యో అనే చిన్న ఊరి కొండమీద గిసాల్లో మాత గుడి ఉంది. 1949లో 12వ పయస్ జగద్గురువులు ఆ మాతను సైకిల్ పందెగాళ్లకు పాలకురాలిగా ప్రకటించారు. ఆ గుడి గోడల నిండా విజేతల సైకిళ్లు వేలాడుతుంటాయి. వాటిలో బర్తాలీ సైకిల్ కూడా ఉంది.

మనకేమిటి?

పాఠకులారా, మనం ఉంటున్నది పేరు మీద బతికే ప్రాంతం. పోస్టర్ మీద ఎవరి పేరు ముందు, ఎవరి బొమ్మ పెద్దది అన్న లెక్కల మీదే ఇక్కడ ఎన్నో కుటుంబాలకు పొయ్యి వెలుగుతుంది. అందులో తప్పులేదు. కష్టపడి సంపాదించుకున్న పేరు కూడా దేవుడిచ్చిన వరమే. బర్తాలీ తన పేరును పారేయలేదు. పేరు చెప్పుకోలేని అభాగ్యులకు దానిని గొడుగుగా పట్టారు. ఎండ తగ్గాక ఆ గొడుగును నలుగురికీ చూపుకుంటూ తిరగలేదు. ఆయన కథను ఇటలీ టెలివిజన్ చిత్రంగా తీసింది 2006లో, ఆయన కన్నుమూసిన తరువాతే.

కుడిచేతి దానం ఎడమచేతికి తెలియరాదన్న సువిశేష బోధ మనందరికీ కంఠస్థమే. అయినా విచారణకు ఒక ఫ్యాను ఇస్తే దాని రెక్కమీద మన ఇంటిపేరు రాయించుకుంటాం. పనిమనిషి బిడ్డకు ఫీజు కడితే సాయంత్రానికి వీధంతా తెలియాలి. ఈ వారం ఒక చిన్న ప్రయత్నం చేద్దాం. మన ఉద్యోగమో, హోదానో, పరిచయమో అడ్డుపెట్టి ఒక్కరికైనా సాయపడదాం. షూటింగులు లేక పస్తులున్న లైట్‌బాయ్ కుటుంబం కావచ్చు, ఆసుపత్రిలో తోడులేని ముసలమ్మ కావచ్చు. చేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఉండగలమేమో చూద్దాం. సాయం చేయడం కంటే చెప్పకుండా ఉండటమే కష్టమని అప్పుడు తెలుస్తుంది.

వచ్చే ఆదివారం పూజకు వెళుతూ ఎత్తెక్కుతున్న సైకిళ్లు కనిపిస్తే, మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. ఆపదలో ఉన్నవారిని దాచి కాపాడే ధైర్యమూ, చేసిన మేలును దాచుకునే వినయమూ మనకు ప్రసాదించమని అస్సీసిపుర ఫ్రాన్సిస్ వారి ద్వారా ప్రభువును వేడుకుందాం.