గుండెనా, ఊపిరా? నిజాం ఖర్చుతో జవాబు వెతికిన డాక్టర్ లారీ

సికింద్రాబాద్‌కు వైద్య చరిత్రలో చోటు ఇచ్చిన పేరు రొనాల్డ్ రాస్. 1897లో బేగంపేటలో ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. అంతకు ఎనిమిదేళ్ల ముందే హుస్సేన్‌సాగర్‌కు ఇవతల, హైదరాబాద్‌లో మరో పెద్ద ప్రశ్న మీద పరీక్షలు జరిగాయి. వాటిని లండన్ దాకా చర్చించారు. ఆపరేషన్ బల్ల మీద క్లోరోఫాం పీల్చిన మనిషి చనిపోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా? ఈ ప్రశ్నను పట్టుకున్న మనిషి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ.

1846లో పుట్టిన లారీ ఎడిన్‌బరోలో వైద్యం చదివారు. అక్కడ ఆయన ఉస్తాద్ పేరుమోసిన సర్జన్ జేమ్స్ సైమ్. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడి కాదు, శ్వాస చూడాలన్నది సైమ్ పాఠం. లారీ దాన్ని జీవితాంతం వదల్లేదు. ఇండియాకు వచ్చి లాహోర్‌లో పనిచేశాక, హైదరాబాద్‌లో రెసిడెన్సీ సర్జన్ అయ్యారు. అఫ్జల్‌గంజ్ దవాఖానా, హైదరాబాద్ మెడికల్ స్కూల్ ఆయన చేతిలోకి వచ్చాయి.

అప్పటికి క్లోరోఫాం వాడకం మొదలై నలభై ఏళ్లయింది. 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ దాన్ని వాడుకలోకి తెచ్చారు. మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరిలో, హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల ఇంగ్లీషు అమ్మాయి కాలి గోరు తీయించుకోబోయి చనిపోయింది. ఆ తర్వాత కూడా చిన్న చిన్న ఆపరేషన్లలో, బాగా ఉన్న మనుషులే ఉన్నట్టుండి పోయేవారు. గుండె ఆగడం వల్లే ఇలా జరుగుతోందని లండన్ డాక్టర్లు నాడి మీద వేలు పెట్టి కూర్చునేవారు. నాడి చూస్తూ కూర్చుంటే శ్వాస తగ్గడం కనిపించదని, ప్రమాదం అక్కడే ఉందని లారీ వాదన. తన దవాఖానాలో వేలమందికి క్లోరోఫాం ఇప్పించిన అనుభవం ఆయనది.

వాదనతో తేలే విషయం కాదు. అందుకే 1888లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కుక్కల మీద పరీక్షలు చేసింది. శ్వాసే ముందు ఆగుతుందని చెప్పింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక దాన్ని నమ్మలేదు. అయితే మీరే ఒక నిపుణుణ్ణి పంపండి, ఖర్చు మాది అని నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చారు. తమ మాటను ఒప్పుకోని వాళ్లనే పిలిపించి పరీక్షించమనడం చిన్న విషయం కాదు.

1889లో లాన్సెట్ తరఫున థామస్ లాడర్ బ్రంటన్ వచ్చారు. గుండె, రక్తపోటు మీద పనిచేసే మందుల్లో ఆయనకు గొప్ప పేరు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు కలిపి వందల జంతువుల మీద పరీక్షలు జరిగాయి. చాలావాటిలో రక్తపోటు గీతలను యంత్రంతో నమోదు చేశారు. గుండెదే తప్పని నమ్మి వచ్చిన బ్రంటన్ చివరికి లారీ మాటే సరైనదన్నారు. గుండె కన్నా ముందే ఊపిరి ఆగుతుందని నివేదిక తేల్చింది. 1890లో లాన్సెట్ దాన్ని అచ్చువేసింది. లారీ దగ్గర తర్ఫీదైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలంలోనే క్లోరోఫాం ఇవ్వడంలో పేరు తెచ్చుకున్నారు. మత్తు డాక్టర్లయిన తొలి మహిళల్లో ఆమె ఒకరు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీస్తుందని 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ చూపించారు. లారీ ఒప్పుకోలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన పరీక్షలు అసలు సంగతి బయటపెట్టాయి. మత్తు లోతుగా ఎక్కకముందు, ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే, గుండె లయ తప్పి వణుకుతుంది, రక్తాన్ని నెట్టలేదు. ఇది క్షణాల్లో జరిగిపోతుంది. చిన్న ఆపరేషన్‌కు కొద్దిగా మత్తు ఇచ్చినప్పుడు, భయపడుతున్న రోగి ఎందుకు పోతాడో దీంతో అర్థమైంది. హైదరాబాద్‌లో జంతువులకు ఎక్కువ మోతాదు ఇచ్చారు. అలాంటప్పుడు నిజంగానే ఊపిరి ముందు ఆగుతుంది. అంటే లారీ చూసింది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం లేదనడమే ఆయన పొరపాటు. 1915లో ఆయన కన్నుమూశారు.

ఆయన నడిపిన అఫ్జల్‌గంజ్ దవాఖానా 1908 మూసీ వరదలో పోయింది. తర్వాత ఉస్మానియా దవాఖానా వచ్చింది. క్లోరోఫాం కూడా ఆపరేషన్ గదుల నుంచి వెళ్లిపోయింది. ఆ ప్రశ్న మాత్రం పోలేదు. ఇప్పుడు ఆపరేషన్‌కు ముందే బీపీ, నాడి చూస్తారు, అవసరాన్ని బట్టి ఈసీజీ తీస్తారు. ఆయాసం, ఛాతీనొప్పి ఉన్నాయా, షుగర్ ఉందా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చిందా అని అడుగుతారు. ఆపరేషన్ చిన్నదే కదా అని వీటిని దాచకూడదు. హానా గ్రీనర్‌ది కూడా చిన్న ఆపరేషనే. మత్తు ఇచ్చాక తెర మీద గుండె గీత ఒకవైపు, శ్వాస గీత ఇంకోవైపు నడుస్తూనే ఉంటాయి. లండన్ డాక్టర్లు ఒకటి చూడమన్నారు, లారీ ఇంకొకటి చూడమన్నారు. ఈరోజు మత్తు డాక్టర్ రెండిటి మీదా కన్ను వేసి ఉంచుతారు.