ఎమిల్ జాటోపెక్ మొదటి మారథాన్

పిల్లలూ, ఈ పాఠంలో ఒక పరుగువీరుడి గురించి చదువుదాం. పేరు ఎమిల్ జాటోపెక్. పలకడం కష్టంగా ఉంటే ముందు రెండుసార్లు పైకి చదవండి: జా-టో-పెక్. ఆయన తెలుగువాడు కాదు, బర్మావాడూ కాదు. యూరప్‌లో అప్పట్లో చెకోస్లోవేకియా అనే దేశం ఉండేది, ఆ దేశంవాడు. కానీ పరుగు పందేలు ఇష్టపడేవాళ్ళు ఏ దేశంలో ఉన్నా ఈయన పేరు వినే ఉంటారు.

ముందు మారథాన్ అంటే ఎంత దూరమో తెలియాలి. 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఊరికే అంకె చెబితే మనసుకి ఎక్కదు. మన యాంగోన్‌లో సర్క్యులర్ రైలు ఉంది కదా! సెంట్రల్ స్టేషన్‌లో ఎక్కితే ఇన్సేన్, దన్యిన్‌గోన్ మార్కెట్, మింగలాడోన్ మీదుగా ఊరంతా చుట్టి మళ్ళీ ఎక్కిన చోటికే తెచ్చి దింపుతుంది. ఆ చుట్టు దాదాపు 46 కిలోమీటర్లు, మొత్తం 39 స్టేషన్లు. పాత రైలుకి ఒక చుట్టు తిరగడానికి ఇంచుమించు మూడు గంటలు పట్టేది. అందులోంచి ఓ మూడు స్టేషన్లు తీసేస్తే మిగిలేదే మారథాన్ దూరం. వేరే ఊళ్ళలో ఉండి ఈ పాఠం చదివే పిల్లలు మీ ఇంటి నుంచి 42 కిలోమీటర్ల దూరంలో ఏ ఊరుందో మ్యాప్‌లో చూడండి. అక్కడిదాకా కాళ్ళ మీద, ఆగకుండా. ఇప్పుడు తెలిసింది కదా!

ఎమిల్ 1922 సెప్టెంబర్ 19న కోప్రివ్నిట్సే అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఇంట్లో చాలామంది పిల్లలు, డబ్బు తక్కువ. పదహారేళ్ళకే చదువు ఆపి పనికి వెళ్ళాల్సి వచ్చింది. ఎక్కడికో చెబితే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది, బాటా చెప్పుల ఫ్యాక్టరీకి! మన ఇళ్ళలో అమ్మమ్మ, తాతయ్యల కాలం నుంచి కొంటున్న ఆ బాటా కంపెనీ పుట్టింది జ్లీన్ అనే ఊళ్ళో. ఎమిల్ పనిచేసింది ఆ ఊళ్ళోనే.

అప్పటిదాకా ఎమిల్‌కి పరుగు మీద ఆసక్తి లేదు. ఫ్యాక్టరీలో ఆటలు చూసుకునే ఒక మాస్టారు ఉండేవారు, చాలా స్ట్రిక్టు. ఒకరోజు ఆయన నలుగురు కుర్రాళ్ళని చూపించి పరుగు పందెంలో పాల్గొనమన్నారు. అందులో ఎమిల్ ఒకడు. ఒంట్లో బలం లేదని, తన వల్ల కాదని ఎమిల్ తప్పించుకోబోయాడు. మాస్టారు వదల్లేదు, డాక్టర్ దగ్గరికి పంపారు. డాక్టర్ చూసి అంతా బాగానే ఉందన్నారు. ఇక తప్పలేదు. అయితే పరుగు మొదలయ్యాక మాత్రం ఎమిల్‌కి గెలవాలనిపించింది. వందమందిలో రెండోవాడిగా వచ్చాడు. ఆ రోజు నుంచి పరుగు వదల్లేదు.

యుద్ధం అయ్యాక ఎమిల్ సైన్యంలో చేరాడు. ఇక్కడి నుంచి మనం 'చేరాడు, వచ్చాడు' మానేసి 'చేరారు, వచ్చారు' అందాం. పెద్దవాడయ్యాడు కదా! తెలుగులో చిన్నపిల్లవాణ్ణి 'అతను' అంటాం, పెద్దయ్యాక, అందులోనూ గౌరవించదగ్గ మనిషిని 'ఆయన' అంటాం. క్రియ కూడా దానితోపాటే మారుతుంది.

ఆయన సాధన చేసే పద్ధతి చూసి అప్పటి కోచ్‌లు తల పట్టుకునేవారట. ఎక్కువ దూరం పరిగెత్తాలంటే ప్రతిరోజూ నెమ్మదిగా ఎక్కువ దూరం పరిగెత్తడమే అందరి అలవాటు. ఎమిల్ అలా చేయలేదు. 400 మీటర్లు వేగంగా పరిగెత్తి, కాసేపు నెమ్మదిగా జాగింగ్ చేసి, మళ్ళీ 400 మీటర్లు వేగంగా పరిగెత్తేవారు. ఒక్కో రోజు ఇలా 40 సార్లు! 400ని 40తో గుణించండి. ఆ వేగం పరుగే 16 కిలోమీటర్లు అవుతుంది, మధ్యలో జాగింగ్ కాకుండా. బరువైన సైనికుల బూట్లు వేసుకుని, మంచులో, అడవిలో కూడా పరిగెత్తేవారు. ఇంట్లో బట్టలు ఉతికే పని పడితే తొట్టిలో బట్టలు వేసి, నీళ్ళు పోసి, వాటిమీద నిలబడి పరిగెత్తేవారని చెబుతారు. బట్టలూ శుభ్రమయ్యేవి, సాధనా అయ్యేది. (మీరు మాత్రం మీ ఇంటి బాత్‌రూంలో ఇది చేయకండి. జారి పడతారు.)

పరిగెత్తేటప్పుడు ఆయన్ని చూస్తే జాలేసేది. తల ఇటూ అటూ ఊగేది, ముఖం నొప్పితో మెలితిరిగినట్టు ఉండేది, నాలుక బయటికి వచ్చేది, రొప్పు దూరానికి వినబడేది. ఇంకో అడుగు వేస్తే పడిపోతాడేమో అనుకునేవాళ్ళు. కానీ పడిపోయేది ఆయన కాదు, వెనకబడేది పక్కవాళ్ళు! అందుకే ఆయనకి చెక్ రైలింజన్ అని పేరొచ్చింది.

1948లో లండన్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల పరుగులో బంగారు పతకం, 5,000 మీటర్లలో వెండి పతకం వచ్చాయి. ఆ ఏడాదే డానాతో పెళ్ళయింది. డానా జావెలిన్, అంటే ఈటె, విసిరే క్రీడాకారిణి. విచిత్రం ఏమిటంటే ఆవిడా పుట్టింది 1922 సెప్టెంబర్ 19నే. ఇద్దరి పుట్టినరోజూ ఒకటే!

ఇప్పుడు 1952కి వద్దాం. ఫిన్‌లాండ్‌లో హెల్సింకి ఒలింపిక్స్. పతకాల కంటే ముందు చెప్పుకోవాల్సిన విషయం ఒకటుంది.

జట్టులో స్టానిస్లావ్ యుంగ్‌విర్త్ అనే యువకుడు ఉండేవారు. 1,500 మీటర్ల రన్నర్. ఆయన తండ్రిని ప్రభుత్వం జైల్లో పెట్టింది, ఏ దొంగతనానికో కాదు, రాజకీయ కారణాలతో. ఆ తండ్రి కొడుకు కాబట్టి యుంగ్‌విర్త్‌ని హెల్సింకి పంపేది లేదని అధికారులు తేల్చేశారు. ఎమిల్ ఏం చేశారో తెలుసా? ఆ అబ్బాయి రాకపోతే తానూ వెళ్ళనన్నారు. జట్టు విమానం ఎక్కలేదు. అప్పటి చెకోస్లోవేకియాలో ప్రభుత్వం మాట కాదనడం చిన్న విషయం కాదు. ఉద్యోగం పోవచ్చు, జైలుకే పంపొచ్చు. నాలుగేళ్ళ సాధన వృథా కావచ్చు. డానా ముందే వెళ్ళిపోయారు, అక్కడ ఆవిడకి ఎంత కంగారుగా ఉండి ఉంటుందో ఊహించండి. చివరికి అధికారులే దిగివచ్చారు. కొన్ని రోజులు ఆలస్యంగా ఇద్దరూ కలిసి హెల్సింకి చేరారు. నన్నడిగితే ఎమిల్ గెలిచిన అన్ని పందేల కంటే ఇది పెద్దది. అయిదేళ్ళ తర్వాత, 1957లో, అదే యుంగ్‌విర్త్ 1,500 మీటర్లలో ప్రపంచ రికార్డు పెట్టారు.

హెల్సింకిలో జూలై 20న 10,000 మీటర్ల పందెం ఎమిల్ గెలిచారు. జూలై 24న 5,000 మీటర్లు. అందులో చివరి మలుపు దాకా నాలుగో స్థానంలో ఉండి, ఆ మలుపులోనే ముగ్గుర్నీ దాటేశారు. అదే మధ్యాహ్నం, కాసేపటికే, డానా ఈటెని 50.47 మీటర్లు విసిరి బంగారు పతకం గెలిచారు. ఒకే రోజు ఒకే ఇంట్లో రెండు బంగారాలు! ఇక చాలు, హాయిగా ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ జూలై 27న మారథాన్ ఉంది. ఎమిల్ అందులో కూడా పేరు ఇచ్చారు. ఆయన జీవితంలో అప్పటిదాకా ఒక్క మారథాన్ కూడా పరిగెత్తలేదు.

ఒక్కసారి ఆలోచించండి. స్టేడియంలో గుండ్రంగా పరిగెత్తడం వేరు, రోడ్డు మీద 42 కిలోమీటర్లు వేరు. మొదట్లో వేగం ఎంత ఉండాలి? తొందరపడితే చివర్లో కాళ్ళు మొరాయిస్తాయి. నెమ్మదిగా వెళితే ముందువాళ్ళు అందరు. ఇదంతా అనుభవంతో వచ్చేది, పుస్తకంలో దొరకదు. ఎమిల్‌కి ఆ అనుభవం లేదు. తోటి రన్నర్లకి ఉంది.

ఇక్కడ 'తోటి' అనే మాట నేర్చుకుందాం. మనతో పాటు అదే పనిలో, అదే దారిలో ఉన్నవాళ్ళు తోటివాళ్ళు. తోటి విద్యార్థులు, తోటి ప్రయాణికులు. అన్నదమ్ముల భార్యలు ఒకరికొకరు తోటికోడళ్ళు. తోటివాళ్ళు అన్నిసార్లూ స్నేహితులే కానక్కర్లేదు. పోటీలో ఉన్నవాళ్ళు కూడా తోటివాళ్ళే.

ఆ పందెంలో అందరికంటే అనుభవం ఉన్నది ఇంగ్లాండ్ నుంచి వచ్చిన జిమ్ పీటర్స్‌కి. ఆరు వారాల క్రితమే 2 గంటల 20 నిమిషాల 42 సెకన్లలో మారథాన్ పూర్తిచేశారు. అప్పటికి ప్రపంచంలో ఎవరూ అంత త్వరగా పరిగెత్తలేదు. ఎమిల్ పేపర్ చూసి పీటర్స్ నంబరు ఏదో తెలుసుకుని, పందెం మొదలయ్యే ముందు ఆయన దగ్గరికి వెళ్ళి తన పేరు చెప్పి పరిచయం చేసుకున్నారు. రెండు బంగారు పతకాలు గెలిచిన మనిషి, అప్పటికే అందరూ గుర్తుపట్టే మనిషి, తనే వెళ్ళి చెయ్యి కలిపారు. ఆయన్ని పట్టుకుని పరిగెత్తితే దారి తెలుస్తుందని ఆయన ఆలోచన.

పీటర్స్ మొదటి నుంచే చాలా వేగంగా వెళ్ళారు. స్వీడన్ రన్నర్ గుస్తాఫ్ యాన్సన్, ఎమిల్ నెమ్మదిగా వెళ్ళి ఆయన్ని కలుసుకున్నారు. ముగ్గురూ పక్కపక్కనే పరిగెడుతున్నారు. అప్పుడు ఎమిల్ పీటర్స్‌ని అడిగారు, ఈ వేగం సరిపోతుందా లేదా అని. పీటర్స్‌కి అప్పటికే అలసట మొదలైంది. అయినా ఆ వేగం చాలదన్నట్టు జవాబిచ్చారు. ఎమిల్‌ని తికమక పెట్టడానికి అలా అన్నారని కొందరంటారు, సరదాకి అన్నారని కొందరంటారు. ఏదైతేనేం, ఎమిల్ ఆ మాట నమ్మారు! అనుభవం ఉన్నాయన చెప్పాడు కదా అని వేగం పెంచారు. పీటర్స్ వెనకబడ్డారు. 30 కిలోమీటర్లు దాటాక కాళ్ళు పట్టేసి పాపం పందెం మధ్యలోనే ఆగిపోయారు. యాన్సన్ కూడా కాసేపటికి వెనకబడ్డారు.

చివరి కిలోమీటర్లలో ఎమిల్ ముందు ఎవరూ లేరు. పక్కన మాట్లాడటానికి తోటి రన్నర్ కూడా లేరు. ఆయనకి ఊరికే ఉండటం చేతకాదు. దారి పక్కన నిలబడ్డవాళ్ళతో, సైకిళ్ళ మీద వస్తున్నవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తారు. స్టేడియంలోకి వచ్చేసరికి జనమంతా లేచి ఆయన పేరే అరుస్తున్నారు. 2 గంటల 23 నిమిషాల 3 సెకన్లు. కొత్త ఒలింపిక్ రికార్డు. జమైకా రిలే జట్టు కుర్రాళ్ళు ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. రెండో స్థానంలో అర్జెంటీనా రన్నర్ రెయినాల్డో గోర్నో వచ్చేటప్పటికి ఎమిల్ ఆయన కోసం నారింజ తొన పట్టుకుని గీత దగ్గర నిలబడి ఉన్నారట. 5,000, 10,000, మారథాన్, ఈ మూడూ ఒకే ఒలింపిక్స్‌లో గెలిచినవాళ్ళు ఈనాటికీ ఇంకొకరు లేరు.

అదే రోడ్డు మీద మన భారతదేశం నుంచి సూరత్ సింగ్ మాథుర్ కూడా పరిగెత్తారు. 2 గంటల 58 నిమిషాలకి 52వ స్థానంలో వచ్చారు. స్వతంత్ర భారతదేశం తరఫున ఒలింపిక్ మారథాన్ పూర్తిచేసిన మొదటి వ్యక్తి ఆయన. మన పాఠ్యపుస్తకాల్లో ఈ పేరు కనబడకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది.

నాలుగేళ్ళు గడిచాయి. 1956, ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్. ఎమిల్‌కి కొన్ని వారాల ముందే హెర్నియా ఆపరేషన్ అయింది. అయినా మారథాన్‌లో నిలబడ్డారు. బర్మా రన్నర్ మ్యితుంగ్ నో కూడా అందులో ఉన్నారు. ఫ్రాన్స్ తరఫున అలాన్ మిమూన్ వచ్చారు. ఈ మిమూన్ కథ వింటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. 1948లో ఒకసారి, 1952లో రెండుసార్లు, మొత్తం మూడుసార్లు ఒలింపిక్స్‌లో రెండో స్థానంలో వచ్చారు. మూడుసార్లూ ముందున్నది ఎమిలే! ఇప్పుడు మిమూన్‌కి అది మొదటి మారథాన్. ఎండ మండిపోతోంది. మిమూన్ గెలిచారు. గెలిచి వెళ్ళిపోలేదు. గీత దగ్గరే నిలబడి ఎమిల్ కోసం ఎదురుచూశారు. రెండో ఆయన వచ్చారు, మూడో ఆయన వచ్చారు, ఎమిల్ రాలేదు. ఆరో స్థానంలో, పూర్తిగా అలసిపోయి వచ్చారు. మిమూన్ దగ్గరికి వెళ్ళి తాను గెలిచినట్టు చెప్పారు. ఎమిల్ నెత్తిమీద టోపీ తీసి, సైనికుడిలా సెల్యూట్ చేసి, గట్టిగా కౌగిలించుకున్నారు. మిమూన్‌కి పతకం కంటే ఆ కౌగిలే ఎక్కువగా గుర్తుండిపోయింది.

తర్వాతి జీవితం అంత తేలిక కాదు. 1968లో చెకోస్లోవేకియాలో ప్రజలు కొంచెం స్వేచ్ఛ కావాలని అడిగారు. ఎమిల్ వాళ్ళ పక్షాన నిలబడ్డారు. సోవియట్ యూనియన్ ట్యాంకులు ప్రాగ్ నగరంలోకి వచ్చాయి. ఎమిల్‌ని పార్టీలోంచి, సైన్యంలోంచి తీసేశారు. దేశమంతా ఎరిగిన ఆ మనిషి చాలా ఏళ్ళు ఇంటికి దూరంగా, నేలలో బోర్లు వేసే పనుల్లో కూలివాళ్ళతో కలిసి పనిచేశారు. ఒత్తిడి భరించలేక, అన్న మాటలు కొన్ని వెనక్కి తీసుకున్నారు కూడా. దానికి బాధపడ్డ స్నేహితులున్నారు. కాళ్ళలో అంత బలం ఉన్న మనిషి కూడా కొన్నిచోట్ల అలసిపోతాడు. నేను ఆయన్ని తప్పు పట్టలేను. పెద్దయ్యాక ఈ భాగం మళ్ళీ చదివి మీరేమంటారో చూడాలి.

ఎమిల్ 2000 నవంబర్‌లో ప్రాగ్‌లో చనిపోయారు. డానా 2020 దాకా, 97 ఏళ్ళు బతికారు.

ఒక సంగతి వెనక్కి వెళ్ళి చెప్పాలి. 1960లలో రాన్ క్లార్క్ అనే ఆస్ట్రేలియా రన్నర్ ప్రాగ్ వచ్చారు. ఆయన చాలా ప్రపంచ రికార్డులు పెట్టారు, కానీ ఒలింపిక్ బంగారం మాత్రం దక్కలేదు. ఎమిల్ ఆయన్ని ఊరంతా తిప్పి, కలిసి పరిగెత్తి, వెళ్ళేరోజు విమానాశ్రయంలో చేతిలో ఒక చిన్న పొట్లం పెట్టారు. ఇప్పుడే విప్పొద్దన్నారు. ఏదో రహస్యంగా దేశం దాటించమంటున్నారేమో అని క్లార్క్‌కి భయం వేసింది. ప్రాగ్ దాటాక విప్పి చూస్తే అందులో ఉన్నది 1952లో ఎమిల్ 10,000 మీటర్లలో గెలిచిన బంగారు పతకం.

ఇప్పుడు మీ వంతు. పైన 'తోటి' అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మీరు ఏదైనా మొదటిసారి నేర్చుకున్నప్పుడు, ఈతో, సైకిలో, తెలుగు అక్షరాలో, పక్కన ఎవరున్నారో అయిదు వాక్యాల్లో రాయండి. తర్వాత మీ పక్కనున్నవాళ్ళకి ఎమిల్, మిమూన్ కలుసుకున్న భాగం పుస్తకం చూడకుండా చెప్పండి. ఎమిల్‌ని 'ఆయన' అనడం మర్చిపోకండి.