యల్లాప్రగడ సుబ్బారావు

ఓరుగంటి కాకతీయ వైద్యకళాశాలలో చేరు యువకులు ముందుగా నెఱుగదగిన చరిత్ర సుబ్బారావుగారిది. ఆయన 1895లో భీమవరమున జన్మించిరి. మదరాసున వైద్యము చదువుచు ఖద్దరు ధరించి ఆంగ్లాధ్యాపకుని యాగ్రహమునకు గురియై, యం.బి.బి.యస్.కు మారుగా ఎల్.యం.యస్. పట్టముతో వెడలిరి. ఖద్దరునకు దొరతనమువారు విధించిన సుంకమది!

1921లో సోదరు లిరువురును స్ప్రూ యను గ్రహణివ్యాధిచే కొలదిదినముల యెడమున మరణించిరి. తిన్న యన్నమును ఒంటికి పట్టనీయని రోగమది. హార్వర్డు ఉష్ణమండల వైద్యవిద్యాలయమున ప్రవేశ మర్థించునాటికి ఆయన హృదయమున నున్నది ఆ దుఃఖమే. పోషకపదార్థములపై జిజ్ఞాస దరఖాస్తుకొఱకు పుట్టినది గాదు. బోస్టనున పొట్టకూటికై రాత్రులు ఆసుపత్రిలో సేవకవృత్తి చేసిరి.

ఆకుకూరలందుండు ఫోలికామ్లమును 1945లో లెడర్లీ పరిశోధనాలయమున ఆయన నాయకత్వమున కృత్రిమముగా నిర్మించిరి. స్ప్రూ రోగుల పాలిపోయిన దేహములకు దానిచే మరల రక్తము పట్టెను. మూడేండ్లకే, 1948లో, ఆయన న్యూయార్కున అస్తమించిరి.