గతయుగాల వేడిమిని కొలిచిన యూరే

ఉష్ణమాపకం మనుష్యుని చేతికి వచ్చి నాలుగైదు శతాబ్దాలకు మించలేదు. అంతకు పూర్వం సముద్రాలు ఎంత వెచ్చగా ఉండేవో, వానలు ఎంత మెండుగా కురిసేవో చెప్పగల సాక్షులెవరు? సముద్రపు గుల్లలు, పగడాలు, గుహలలో పేరుకొన్న రాళ్లు, ఇవే ఆ సాక్షులు. వాటి భాషను చదువుకొనే మార్గాన్ని మొదట చూపినవారు హెరాల్డ్ క్లేటన్ యూరే.

యూరే 1893 ఏప్రిల్ 29న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, వాకర్టన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి బడిపంతులు, మతబోధ కూడ చేసేవారు. బాలునికి ఆరేండ్ల ప్రాయంలోనే ఆయన గతించారు. ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిమ్మట యూరే సైతం ఇండియానా, మోంటానా పల్లెలలో ఉపాధ్యాయవృత్తి చేశారు. 1914లో మోంటానా విశ్వవిద్యాలయంలో చేరి, జంతుశాస్త్రం ప్రధానంగా చదివి, 1917లో పట్టం పుచ్చుకొన్నారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఒక రసాయన కర్మాగారంలో చేసిన పని ఆయనను రసాయనశాస్త్రం వైపు మరల్చినది. 1923లో బర్క్‌లీలో గిల్బర్ట్ లూయిస్ వద్ద డాక్టరేటు పొంది, అటుపిమ్మట కోపెన్‌హేగెన్ వెళ్లి నీల్స్ బోర్ సన్నిధిలో పనిచేశారు.

ఒకే మూలకపు పరమాణువులన్నీ ఒకే బరువు గలవి కావు. రసాయన గుణాలు దాదాపు ఒకటే అయినా, కొన్ని తేలిక, కొన్ని బరువు. వీటినే ఐసోటోపులంటారు. 1931లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉండగా యూరే, బ్రిక్‌వెడ్, మర్ఫీ అనే సహచరులతో కలిసి, ఉదజనిలో రెట్టింపు బరువు గల పరమాణువును కనుగొన్నారు. భారజలానికి మూలమైన డ్యుటీరియం అదే. అందుకు 1934లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది.

ఐసోటోపులను వేరుచేసే ఈ విద్యయే రెండవ ప్రపంచయుద్ధంలో ఆయనను అణుబాంబు పనిలోకి లాగినది. యురేనియంలోని ఐసోటోపులను విడదీసే పరిశోధనకు కొలంబియాలో ఆయన నాయకత్వం వహించారు. తమ విద్య ఎంతటి వినాశానికి దారితీసినదో 1945 ఆగస్టులో లోకమంతా చూచినది. యుద్ధానంతరం ఆయన అణ్వస్త్రాలను అదుపులో పెట్టవలెనని ఊరూరా ప్రసంగించారు. అణురహస్యాలను అందించే కుట్రలో పాల్గొన్నారని మరణశిక్ష పడిన రోజెన్‌బర్గ్ దంపతుల విషయంలో సాక్ష్యం చాలదని తోచి, 1953లో వారి ప్రాణాలకై విన్నవించారు. ఆ రోజులలో అమెరికాలో అట్టి మాట పైకి చెప్పుట సామాన్యమైన సాహసం కాదు.

యుద్ధం ముగియగానే ఆయన షికాగో విశ్వవిద్యాలయానికి మారారు. ఆ కాలంలోనే జ్యూరిక్‌లో ఆయన ప్రసంగించినపుడు, పాల్ నిగ్లీ అనే ఖనిజశాస్త్రవేత్త ఒక సందేహం లేవనెత్తారు. మంచినీటిలో ఏర్పడిన సున్నపురాయిని, సముద్రంలో ఏర్పడినదానిని ఆమ్లజని ఐసోటోపుల ద్వారా గుర్తించవచ్చునా అన్నదే ఆ సందేహం. యూరే దానితో ఆగక లెక్క వేసి చూచారు. నీటిలో గుల్ల ఏర్పడేటపుడు నీరు చల్లగా ఉంటే గుల్లలో బరువైన ఆమ్లజని కొంచెం ఎక్కువగా చేరుతుంది. వెచ్చగా ఉంటే తగ్గుతుంది. అనగా ప్రతి గుల్లా తాను పుట్టిన నీటి వేడిమిని తనలోనే వ్రాసుకొని ఉంటుంది!

ఊహ సులభమే, కొలత కష్టం. ఆమ్లజని పరమాణువులలో 18 బరువు గలవి వెయ్యింటికి రెండే. ఒక డిగ్రీ వేడిమి మారితే ఆ నిష్పత్తిలో కలిగే మార్పు పదివేలలో రెండు పాళ్లు మాత్రమే. అంతటి సూక్ష్మతను అందుకొనేందుకు మాస్ స్పెక్ట్రోమీటరును మెరుగుపరచవలసివచ్చినది. మెకిన్నీ యంత్రాన్ని సవరించారు. శామ్యూల్ ఎప్‌స్టైన్ మొదలైనవారు, తెలిసిన వేడిమి గల నీటిలో పెరిగిన గుల్లలను పరీక్షించి కొలమానాన్ని సరిచూశారు.

1951లో ప్రకటించిన ఒక ఫలితం పండితులను అబ్బురపరచినది. స్కాట్లండులోని స్కై దీవిలో దొరికిన బెలెమ్నైటు శిలాజం అది. పది చేతులు గల మెత్తని సముద్రజీవి శరీరంలోని గట్టి భాగం. వయస్సు 15 కోట్ల ఏండ్లకు పైమాటే. దాని పొరలను వరుసగా పరీక్షించగా మూడు వేసవులు, నాలుగు చలికాలాలు స్పష్టంగా కనబడినవి. ఆ జీవి సుమారు నాలుగేండ్లు బ్రతికి, వసంతకాలంలో మరణించినదట!

ఈ పద్ధతిలోని చిక్కు కూడ చెప్పుకొనవలె. గుల్లలోని నిష్పత్తి వేడిమిని బట్టియే కాక, ఆనాటి నీటి స్వభావాన్ని బట్టి కూడ మారుతుంది. యూరే బృందంలోని చేజారే ఎమిలియానీ 1955లో సముద్రగర్భపు మట్టిలోని అతిసూక్ష్మమైన గుల్లలను పరీక్షించి, హిమయుగాల రాకపోకలను వేడిమి మార్పులుగా లెక్కకట్టారు. అయితే ఆ మార్పులో అధికభాగం, తేలికైన ఆమ్లజని గల నీరు మంచుగా భూమిపై నిలిచిపోవుటవల్ల కలిగినదని 1967లో నికోలస్ షాకిల్టన్ నిరూపించారు. దీనితో పద్ధతి కూలిపోలేదు. మంచు రాశిని కొలిచే సాధనం కూడ అయినది.

అటుపిమ్మట పగడాల వంతు వచ్చినది. చెట్టుకు వలయాలున్నట్లే వాటికి ఏటేటా పొరలుంటవి. ఒక్కొక్క పొర ఆ సంవత్సరపు సముద్రాన్ని గూర్చి చెబుతుంది. గుహల కప్పునుండి జారే బొట్లు పేరుకొని పెరిగిన రాళ్లు వానల చరిత్రను భద్రపరుస్తవి. ఋతుపవనాల దేశాలలో వాన మెండైన కొలది బరువైన ఆమ్లజని తగ్గుతుంది. మన మేఘాలయలోని మామ్లూ గుహ రాయిలో 4,200 ఏండ్ల క్రితం ఋతుపవనం సన్నగిల్లిన జాడ ఉన్నది. దానిని ప్రమాణంగా గైకొని, నేటి భూయుగ విభాగానికి 2018లో మేఘాలయన్ అని పేరు పెట్టారు.

యూరే ఔదార్యానికి ఒక్క నిదర్శనం చాలును. ఆదిమ వాతావరణాన్ని గాజుపాత్రలో అనుకరించి జీవానికి ఆధారమైన అమైనో ఆమ్లాలు పుట్టగలవని శిష్యుడు స్టాన్లీ మిల్లర్ 1953లో చూపినపుడు, కీర్తి శిష్యునికే దక్కవలెనని ఆ వ్యాసంలో తమ పేరు చేర్చనీయలేదు. 1958లో కాలిఫోర్నియాకు తరలి, 1981 జనవరి 5న లా హోయాలో కన్నుమూశారు.

పరమాణువుల బరువులోని స్వల్ప భేదం ఒకనాడు నగరాలను భస్మం చేసే పనికి తోడ్పడినది. అదే భేదం ఆయన చేతిలోనే భూమి ఆత్మకథను చదివే కన్ను కూడ అయినది. విద్య ఒక్కటే, దానిని ఏ దారిని నడపవలెనన్నది మనుష్యుని వివేకానికి విడిచిన విషయం.