స్ఫటికాల లోకంలో ఆగిరిపల్లి బిడ్డ - డా॥ సూరి భగవంతం

మన బెజవాడకు దగ్గరలోనే, శోభనాచలస్వామి కొండ ఉన్న ఆగిరిపల్లిలో 1909 అక్టోబరు 14న సూరి భగవంతం గారు జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, ఇరవయ్యేళ్ళు నిండకుండానే 1928లో కలకత్తా వెళ్ళి సర్ సి.వి. రామన్ గారి శిష్యులయ్యారు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరమది. వజ్రంపై వెలుగు పడి చెదిరినప్పుడు ఏమి జరుగుతుందో పరిశీలించిన తొలివారిలో ఆయన ఒకరు. వజ్రాల గనులకు పేరుపడ్డ కృష్ణాతీరం నుండి వెళ్ళినవారికి ఆ పని దక్కడం చక్కగానే ఉంది.

1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ విశ్వవిద్యాలయం 1926లో మన ఊళ్ళోనే పుట్టి, తరువాత వాల్తేరు తరలిన సంగతి పాఠకులెరుగుదురు.

స్ఫటికంలో ఏ పరమాణువూ ఒంటరిగా కదలదు. కోలాటంలో ఒకరు అడుగు వేస్తే వలయమంతా కదిలినట్లు, అన్నీ కలిసే కంపిస్తాయి. ఆ కంపనాలలో రామన్ వర్ణపటంలో కనిపించేవెన్ని? దీనిని స్ఫటికపు సౌష్ఠవాన్ని బట్టి ముందే లెక్కగట్టే పద్ధతిని, గణితజ్ఞులు టి. వెంకటరాయుడు గారితో కలిసి 1939లో ప్రకటించారు. కాల్సైటునే తీసుకుందాం. దాని మూల ఘటకంలో 10 పరమాణువులు, 30 రకాల కదలికలు. అయినా కనిపించవలసిన మూల రేఖలు ఐదే అని లెక్క తేలుస్తుంది. ప్రయోగంలో కనిపించేవీ ఐదే.

1942లో జపాను విమానాలు విశాఖపై బాంబులు వేయగా విశ్వవిద్యాలయం గుంటూరు తరలింది. ఆ అలజడి సంవత్సరంలోనే భగవంతం గారు మరో సాహసం చేశారు. ఒత్తిడి పెట్టిన స్ఫటికంలో కాంతి నడక ఎలా మారుతుందో చెప్పే స్థిరాంకాల పట్టికను జర్మనీ శాస్త్రజ్ఞుడు పాకెల్స్ ఏనాడో తయారుచేశాడు. అర్ధశతాబ్దం పాటు దానిని పెద్దగా శంకించినవారు లేరు. కొన్ని తరగతుల స్ఫటికాలకు ఆ లెక్క తప్పని భగవంతం గారు చూపారు. ఘన వ్యవస్థలో రెండు తరగతులకు స్థిరాంకాలు మూడు కాదు, నాలుగు ఉండాలన్నారు. తరువాత బేరియం నైట్రేటు స్ఫటికంపై చేసిన ప్రయోగంలో ఆ నాలుగోది నిజమని తేలింది. పదవులన్నిటికంటె ఇదే ఆయన గొప్పతనమని నా అభిప్రాయం.

పదవులకు మాత్రం కొదవ లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులుగా, 1957 నుండి 1962 వరకు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. చైనా, పాకిస్తాన్ యుద్ధాలు రెండూ ఆ కాలంలోనే వచ్చాయి. పరిశోధనశాల చేజారినట్లే. అయినా ఢిల్లీలో ఆ ఫైళ్ళ మధ్య ఉంటూనే, 1966లో స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలపై గ్రంథం వెలువరించారు. వెంకటరాయుడు గారితో కలిసి వ్రాసిన సమూహ సిద్ధాంత గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది.

చాలామందికి ఆయన సత్యసాయిబాబా ఉపన్యాసాలను ఆంగ్లంలో వినిపించినవారుగానే గుర్తు. 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు.