అన్నము నడచు బాట: యెల్లాప్రగడ సుబ్బారావు

కోనసీమలో వైనతేయ తీరమున నున్న అప్పనపల్లికి బోయిన యాత్రికుడు బాలబాలాజీ దర్శనము చేసికొని, అన్నప్రసాదము స్వీకరించి మరలుట పరిపాటి. విస్తరిలోని ఆ తెల్లని అన్నము భుజించిన కొలది నిమిషములకే చక్కెరగా మారి రక్తమున జేర నారంభించును. ఆరోగ్యవంతునిలో రమారమి ఒక గంటకు ఆ చక్కెర గరిష్ఠ స్థాయి నంది, రెండు మూడు గంటలలో మరల యథాస్థితికి దిగివచ్చును. మధుమేహ రోగిలో గంటలు గడచినను దిగిరాదు. రక్తమును వీడిన చక్కెర ఎచ్చటికి బోవును? ఏ రూపమున శక్తి యగును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన మహనీయులలో ఒకరు మన తెలుగువారే. కోనసీమకు పడమట, వసిష్ఠ గోదావరికి ఆవల నున్న భీమవరమున 1895 జనవరి 12వ తేదీన జన్మించిన డాక్టరు యెల్లాప్రగడ సుబ్బారావుగారు.

వారి బాల్యము పేదరికమున గడచెను. రాజమహేంద్రవరమున చదువు సాగక, తుదకు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలలో మెట్రిక్యులేషను ముగించిరి. తల్లి వెంకమ్మగారి పట్టుదల లేనిచో ఆ చదువు నడుమనే ఆగిపోయి యుండెడిది. మద్రాసు వైద్య కళాశాలలో చదువునపుడు గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి. అది ఆంగ్లేయుడైన శస్త్రవైద్యాచార్యునికి కంటగింపయ్యెను. ఫలితముగా వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

అంతకంటె ఘోరమైన దెబ్బ ఇంటిలోనే తగిలెను. ఉష్ణదేశములలో వచ్చు స్ప్రూ అను గ్రహణీ రోగమునకు వారి సోదరులిద్దరు కొలది దినముల వ్యవధిలో బలియైరి. తినిన అన్నము ఒంటబట్టక మనిషి క్షీణించి పోవుటయే ఆ వ్యాధి లక్షణము. సుబ్బారావుగారు సైతము దాని వాత బడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడిరి. విస్తరినిండ అన్నముండగా ఆకలితో మరణించుట ఎట్టిదో వారెరుగుదురు.

మామగారి సాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ అండతోను, భార్య శేషగిరిగారిని విడిచి 1922 అక్టోబరులో వారు బోస్టను చేరిరి. ఆ యేటి జనవరిలోనే కెనడాలోని టొరంటో నగరమున మధుమేహ బాలునికి తొలిసారిగా ఇన్సులిన్ ఇచ్చియుండిరి. సుబ్బారావుగారు పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా శ్రమించుచు, ఉష్ణమండల వైద్యమున డిప్లొమా పొంది, పిదప హార్వర్డు జీవరసాయన శాఖలో బ్రవేశించిరి. ఆ శాఖాధిపతి ఆటో ఫోలిన్. రక్తమందలి చక్కెరను నీలివర్ణపు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని 1920లో హ్సియెన్ వూతో గలసి వెలయించిన పండితు డాయనయే.

అచ్చటనే సుబ్బారావుగారు సైరస్ ఫిస్కేతో గలసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఇందులోను కొలబద్ద నీలివర్ణమే. ప్రపంచమందలి ప్రయోగశాలలు దానిని స్వీకరించెను. ఆ పద్ధతి తోడనే వారు 1927లో కండరమునందు ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనిరి. 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వెలికిదీసిరి. జర్మనీలో లోమన్ సైతము ఆ యేడే దానిని స్వతంత్రముగా కనుగొనెను. కండర శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అంతవరకు చెప్పబడిన సిద్ధాంతము, నోబెల్ బహుమానము పొందిన వారిదైనను, కూలిపోయెను.

దీనికిని మధుమేహమునకును సంబంధ మేమి? ఇన్సులిన్ కండర కణములకు తలుపు తెరచును. లోనికి బోయిన చక్కెరకు వెంటనే భాస్వరపు ముడి పడును. ముడిపడిన చక్కెర మరల రక్తములోనికి రాజాలదు. అది నిలువయైనను గావచ్చును, దహింపబడి ఏ.టి.పి. రూపమున శక్తియైనను గావచ్చును. ఇన్సులిన్ చాలనిచో, లేక కణములు దానిని లెక్కచేయనిచో, చక్కెర రక్తములోనే నిలిచిపోవును. 75 గ్రాముల గ్లూకోజు త్రాగిన రెండు గంటలకు రక్తమున నూరు మిల్లీలీటర్లకు 140 మిల్లీగ్రాములకు లోబడి యున్నచో సామాన్యము. 200గాని అంతకు మించి గాని యున్నచో మధుమేహము. నడుమ నున్నచో హెచ్చరిక. ఈ జ్ఞానమంతయు సుబ్బారావుగారొక్కరు సాధించినది కాదు. కాని ఆ బాటలో భాస్వరపు జాడ తీయుటకు దీపము పట్టినవారిలో వారు ముఖ్యులు. స్ప్రూ రోగికి అన్నము రక్తమును జేరదు. మధుమేహ రోగికి రక్తమును జేరిన అన్నము కణమును జేరదు. రెండింటను దేహము కలిమిలో లేమి ననుభవించును.

1930లో పిహెచ్.డి. పొందినను హార్వర్డున స్థిరమైన ఆచార్య పదవి వారికి లభింపలేదు. 1940లో లెడర్లీ సంస్థకు మారిరి. వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. బోదకాలు వ్యాధికి మందు వెలసెను. రక్త క్యాన్సరుపై ప్రయోగించిన తొలి మందులలో నొకటి వెలువడెను. టెట్రాసైక్లిన్ వర్గమునకు ఆద్యమైన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు దెలిసెను. ఆ యేడు ఆగస్టులోనే, ఏబదిమూడేండ్ల వయస్సున, స్వదేశమును మరల చూడకయే వారు కన్నుమూసిరి. 1995లో భారత ప్రభుత్వము వారి పేర తపాలా బిళ్ళను వెలువరించెను.

ఉష్ణదేశపు స్ప్రూ వ్యాధికి నేడు వైద్యులు ఇచ్చునవి ముఖ్యముగా రెండు: ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్. రెండింటి మూలము సుబ్బారావుగారి ప్రయోగశాలయే. తన సోదరులను కాపాడగల మందులను వారు కనుగొనిరి; కాని అప్పటికి ఆ సోదరులు గతించి పాతికేండ్లు దాటెను.