చెంబులో డిజైన్ చూసిన ఈమ్స్

చార్లెస్ ఈమ్స్ పేరు వినకపోయినా, ఆయన కుర్చీల నకళ్లు ఏదో ఒక ఆఫీసులో మీరు చూసే ఉంటారు. 1907లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టారు. ఆర్కిటెక్చర్ డిగ్రీ పూర్తి కాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో భార్య రేతో కలిసి ప్లైవుడ్‌ను కాలి ఆకారానికి వంచి, గాయపడ్డ సైనికులకు స్ప్లింట్లు చేశారు. ఆ పనితనమే తర్వాత కుర్చీల్లోకి వచ్చింది.

1958లో భారత ప్రభుత్వం పిలిస్తే ఈ జంట మన దేశంలో తిరిగింది. మన వస్తువుల్లో డిజైన్ నాణ్యత ఎలా నిలబడాలో చెప్పడం వాళ్ల పని. చూసినవాటిలో రిపోర్టులో అన్నిటికన్నా ఎక్కువ మెచ్చుకున్నది లోటాని, అంటే మన చెంబుని! తలపై, నడుంపై ఎలా నిలుస్తుంది? నిండితే బరువు ఎటు వాలుతుంది? వంచితే ధార ఎలా పడుతుంది? కడగడానికి మూతి చాలుతుందా? పాతబడ్డాక అమ్మితే ఎంతొస్తుంది? ఇలా ప్రశ్న మీద ప్రశ్న. పాత సామాన్ల ధర దాకా ఆలోచించడం నాకైతే భలే నచ్చింది. పోర్ట్‌ఫోలియో కోసం మనం స్క్రీన్‌షాట్లే కదా పోగేస్తాం!

ఆ రిపోర్టు ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ మొదలైంది. ఈమ్స్ 1978లో కన్నుమూశారు. డిజైన్ ఇంటర్వ్యూ ఉంటే ‘ఇండియా రిపోర్ట్’ చదివి వెళ్లండి, చిన్నదే.